దారం తెంపే ఆట

చిన్నప్పటి నుంచి నాకు ఇంద్రజాలమంటే ప్రాణమని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది. కానీ అదంతా వట్టిది. నేను జాదూ నేర్చుకున్నది నలభై దాటాక. కుడిచెవి పూర్తిగా పోయి, ఎడమచెవి సగం మిగిలాక, ఆ సగాన్ని దక్కించుకోవడానికి నేర్చుకున్నాను.

చెవుల డాక్టరమ్మ నన్నొక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, శబ్దం వినపడ్డప్పుడల్లా వేలెత్తమంది. నేను చాలాసేపు వేలెత్తకుండా కూర్చున్నాను. మిషన్ చెడిపోయిందేమో అనుకున్నాను కూడా. బయటికొచ్చాక ఆమె ఏదో చెప్పింది. ముఖానికి మాస్కు ఉండడంతో పెదవులు కనపడక నాకొక్క ముక్కా అందలేదు. పక్కనే ఉన్న నా కూతురు, అప్పటికి ఆరో తరగతి, నా ఎడమచెవి దగ్గరికి వంగి చెప్పింది.

"బాపూ, నువ్వు మగ్గాల కాడికి పోవుడు బంద్ చేస్తే ఇప్పుడున్నంత ఉంటదట. పోతనే ఉంటే ఇది గూడ పోతదట."

పోబోయేది ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. ఆ చెప్పిన గొంతే. నా కూతురిది సన్నని గొంతు, మా అమ్మ గొంతు. బజారులో హారన్లు, గుళ్ళో గంటలు, మా సేటు తిట్లు అన్నీ పోతే పోనీ. సేటు తిట్లయితే ఎప్పుడో పోవాల్సింది. ఈ ఒక్క గొంతు మాత్రం నాకు కావాలి. ఆసుపత్రి మెట్లు దిగుతూ ఆ మాటే అనుకున్నాను. ఆ తర్వాత నేను చేసిన తిక్కపనులన్నీ దానికోసమే.

మా కార్ఖానా దాజీ పేట్‌లో ఉంది. ఊరు మరాఠీవాళ్ళది, మగ్గాల మీద ఉన్నది మాత్రం తాతలనాడు వలసొచ్చిన మా తెలుగువాళ్ళే. తువ్వాళ్ళు నేస్తాం. లోపల కరెంటు మగ్గాలు నడుస్తుంటే ఎవడి మాటా ఎవడికీ వినపడదు. అందుకని నోరు పెద్దగా తెరిచి, గొంతు లేకుండా, పెదవులతోనే మాట్లాడుకుంటాం. మిగిలింది చేతులతో చెబుతాం. చాయ్‌కి ఒక సైగ ఉంది, నూలు కండె అయిపోయిందనడానికి ఒక సైగ ఉంది. సేటు వస్తున్నాడనడానికి కూడా ఒకటి ఉంది, అది రాయదగ్గది కాదు. లోపల అందరం చెవిటివాళ్ళమే. బయటికొచ్చాక కొందరు బాగవుతారు, కొందరం కాము. చెవికి మిషన్ పెట్టుకోరాదా అని సలహా ఇచ్చేవాళ్ళకు తక్కువ లేదు. మిషన్ ఉన్న శబ్దాన్ని పెద్దది చేస్తుంది. పోయే చెవిని ఆపదు.

మానెయ్యడం సరే, మానేసి ఏం చెయ్యాలి? వాచ్‌మన్ పనికి వెళ్ళాను. గేటు బయట బండివాడు హారన్ కొట్టి కొట్టి, చివరికి దిగొచ్చి తనే తలుపు తీసుకున్నాడు. కూరగాయల బండి పెడదామంటే బేరం వినపడాలి. ఫోన్లో మాట్లాడే పని ఏదీ నాకు కుదరదు. చెవులు లేనివాడికి మగ్గం తప్ప ఇంకో చోటు లేదని, మగ్గం దగ్గరుంటే చెవులు మిగలవని, ఇదెక్కడి న్యాయమని నేను రోజూ మా ఆవిడ మీద అరిచేవాణ్ణి. ఆమె ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలు చుడుతూ, "నా మీద ఒర్రితే ఏమొస్తది, నేను పెట్టిన్ననా మగ్గాలు?" అనేది.

అట్లాంటి రోజుల్లో కొంతం చౌక్ దగ్గర పాతకాగితాల దుకాణంలో ఆ పుస్తకం దొరికింది. మరాఠీ పుస్తకం. అట్ట లేదు, వెనక పేజీలు కొన్ని లేవు. చేతివేళ్ళ బొమ్మలు, నాణేలు, రుమాళ్ళు, పేకముక్కలు. నిలబడే మొదటి పేజీ చదివాను. జాదుగర్ మాట్లాడతాడు, జనం చూస్తారు అని ఉంది. ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. మాట్లాడేది నేను, వినేది వాళ్ళు. ఎవడి మాటా నేను వినక్కర్లేని పని లోకంలో ఒకటుందని నాకప్పటిదాకా తెలియదు. దేవుడు నాకోసమే ఈ పనిని పుట్టించి, అట్ట చింపి అక్కడ పడేశాడనుకున్నాను.

అప్పటికి మేము ఊరవతల బీడీ కార్మికులకు కట్టిన కుంభారి కాలనీకి మారి కొంతకాలమైంది. సొంత గది, సొంత తలుపు. పొద్దున్నే బండి మీద కార్ఖానాకు పోయి, సాయంత్రం తిరిగొచ్చి, పుస్తకం ముందేసుకుని కూర్చునేవాణ్ణి. నాణేన్ని అరచేతిలో దాచడం, వేళ్ళ వెనక్కి తిప్పడం, మోచేతిలోంచి తీయడం. చేతులు మాట వినేవి, అదొక్కటి నిజం. నడుస్తున్న మగ్గంలో తెగిన పోగును పట్టుకుని ముడేసే వేళ్ళకు నాణెం ఒక లెక్కా? మా ఆవిడ చూసి, "పైసలు మాయం చేసుడు మన ఇంట్ల కొత్తదా? కనవడేటట్టు చేసే జాదూ ఏమన్న ఉంటే నేర్సుకో" అంది. పక్కింటి ఆడవాళ్ళు పెద్దగా నవ్వారు. అప్పట్లో పెద్దనవ్వులు నాకింకా వినపడేవి.

పుస్తకంలో పేజీలు లేనిచోట ఫోన్లో వీడియోలు చూశాను. కార్ఖానాలో అన్నం తిన్నాక నూలు బస్తా మీద కూర్చుని చూసేవాణ్ణి. ఒకాయన హిందీలో నేర్పేవాడు, నల్లకోటు వేసుకుని. శబ్దం పెట్టేవాణ్ణి కాదు, పెట్టినా అక్కడ ఏం వినపడుతుంది గనక? ఆయన ఆట చేసేది కాస్తే, మధ్యలో మూతి ఆడించేది ఎక్కువ. ఊరికే సాగదీస్తున్నాడని తిట్టుకుంటూ, మూతి ఆడే ముక్కలన్నీ ముందుకు జరిపేసి చేతులు కనపడే ముక్కలే చూశాను. అట్లా చేతులన్నీ నేర్చుకున్నాను. ఇక వచ్చేసిందనే అనుకున్నాను.

ఒక ఆదివారం మా ఇంట్లో ఆట కట్టాను. నాణెం మాయం చేశాను. మా ఆవిడ చేటలోంచి తలెత్తి, "ఎడమచెయ్యిల ఉంది" అంది. రుమాలు మాయం చేశాను. "బొటనవేలు ఎనుక" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, దీపం వెలుగు ఎక్కువైందన్నాను. నా కూతురు ఫోను తీసుకుని ఆ వీడియో మొదటి నుంచి, శబ్దం పెట్టి, చివరిదాకా చూసింది. తర్వాత నా ఎడమపక్కన కూర్చుంది.

"బాపూ, గీయన ఏమంటుండో ఎన్నడన్న ఇన్నవా? జాదూ చేతులల్ల లేదట. మాటల్ల ఉందట. నువ్వు దాసిన చెయ్యి దిక్కు నువ్వే చూస్తే జనం గూడ గక్కడనే చూస్తరట. వేరే దిక్కు చూసుకుంట, ముచ్చట చెప్పుకుంట ఉండాలట. జనం ముచ్చట ఎనుక పోతరట, చెయ్యి గుర్తుండదట."

మా ఆవిడ పడీపడీ నవ్వింది. "చెవిటోని ముందట శంఖం ఊదితే, కొరుకనీకి ఎంత తిప్పలవడుతున్నవ్ అన్నడట! నువ్వు గంతే."

సామెతకు నేను సరిగ్గా సరిపోయాను. ఆయన నెలలపాటు నాకు శంఖం ఊదుతూనే ఉన్నాడు, నేను కొరుకుతున్నాడనుకుని ముందుకు జరుపుతూనే ఉన్నాను. కానీ అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. నేతగాడి కన్ను చేతి మీద నుంచి లేవదు. పోగు ఎక్కడ తెగితే కన్ను అక్కడే ఉండాలి, లేకుంటే బట్ట చెడుతుంది. నాకు తండ్రి నేర్పింది అదొక్కటే. దాచిన చేతిని వదిలేసి ఇంకెటో చూడడమంటే, చంటిపిల్లను గట్టు మీద కూర్చోబెట్టి అటు తిరిగినట్టుండేది. నాకది చాలా కష్టమైంది.

అయినా నేర్చుకున్నాను. ఎందుకంటే నేర్పింది నా కూతురు. బడి నుంచి రాగానే నా ఎడమచెవి దగ్గర కూర్చుని, వీడియోలో ఆయన చెప్పే ముచ్చట్లను మన భాషలోకి మార్చి ఒక్కో వాక్యం చెప్పేది. నేను తిరిగి అప్పజెప్పేవాణ్ణి. "గంత గట్టిగ గాదు బాపూ" అనేది. కార్ఖానాలో బతికినవాడి గొంతు అరుపు నుంచి మొదలవుతుంది. పక్కింటివాళ్ళు మొదట్లో మా ఇంట్లో కొట్లాట జరుగుతుందనుకుని వచ్చి తలుపు కొట్టారు. ఆ సాయంత్రాల్లో ఆ పిల్ల గొంతు నేను విన్నంతగా అంతకు ముందెప్పుడూ వినలేదు. ముందు విన్నప్పుడు అది పోతుందని తెలియదు కదా. కొన్నిసార్లు వాక్యం వచ్చేసినా రానట్టు నటించి మళ్ళీ చెప్పించుకునేవాణ్ణి.

అన్ని ఆటల్లోకీ నాకు నచ్చింది దారం ఆట. ఒక మూరెడు దారం తీసుకుని, జనం ముందే ముక్కలు ముక్కలుగా తెంపాలి. ముక్కలన్నీ ఉండచుట్టి, నలిపి, ఒక మాట చెప్పి లాగితే మళ్ళీ పూర్తి దారం వస్తుంది. లోపలి గుట్టు చిన్నదే. అట్లాంటిదే ఇంకో దారం ముందుగా ఉండచుట్టి బొటనవేలి వెనక దాచుకోవాలి. ముక్కల ఉండ లోపలికి పోతుంది, దాచిన ఉండ బయటికొస్తుంది. నాణేలూ పేకముక్కలూ ఎవడైనా చేస్తాడు, దారం నా చేతివస్తువు, దీంట్లో నన్ను మించినవాడు ఉండడని నాకు పొగరు. తువ్వాలు అంచుకు వాడే ఎర్రనూలు తెచ్చాను, లావుగా, దూరానికి కూడా కనపడేట్టు.

మొదటిసారి ఇంట్లో దారం తెంపినప్పుడు మా ఆవిడ చెయ్యి ఆగింది. "గట్ల తెంపుతుంటే నాకు మంచిగనిపిస్తలేదు" అంది. మా అమ్మ ఉంటే అదే అనేది. చేమగ్గాల కాలంలో మా ఇళ్ళల్లో పండుగనాడో పిల్లల తొట్టెలనాడో పోగు తెగితే, ముడివేసేదాకా ఎవరూ పళ్ళెం ముందు కూర్చునేవాళ్ళు కాదట. బట్ట అయిపోయినా పోగులన్నీ తీసెయ్యరు. పాత పోగుల కొసలకే కొత్తవి అతుకుతారు. దారం తెగడం వేరు, మనిషి చేతులారా తెంపడం వేరు. ఇవన్నీ నాకు తెలియనివి కావు. "జాదూల తెంపుడు తెంపుడు కాదే, మళ్ళ అతుకుతది గదా" అన్నాను. పుస్తకం చదివినవాడి తెలివి అది.

పుట్టినరోజులకు బెలూన్లతో అలంకరణ చేసే మరాఠీ ఆయన ఒకరు మా కార్ఖానాకు తువ్వాళ్ళ కోసం వస్తుండేవాడు. ఆయన ముందు నాణెం ఆట, రుమాలు ఆట చేసి చూపించాను. ముచ్చటపడ్డాడు. ఒక తువ్వాళ్ళ సేటు మనవడి మొదటి పుట్టినరోజు ఉంది, అక్కడ చెయ్యి, బాగుంటే ఈ పెళ్ళిళ్ళ కాలమంతా ప్రతి ఫంక్షన్‌కూ నిన్నే తీసుకుపోతాను అన్నాడు. నా ఎడమచెవి ఆయన వైపుండేలా నిలబడి, వినపడని మాటలకు తలూపుతూ, చెవుల సంగతి బయటపడకుండా చూసుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఇక కార్ఖానా బంద్ అన్నాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. సేటుకు ఏం చెప్పి మానెయ్యాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. నా కూతురు రెండు చేతులతో నా మెడ పట్టుకుని ఎడమచెవిలో, "ఇగ నీ చెవి పోదు బాపూ" అంది. నాకు బాగా గుర్తున్న ఆమె మాట అదే.

ఫంక్షన్ హాలు నిండా మావాళ్ళే. సేటుల నుంచి కండెలు చుట్టేవాళ్ళ దాకా తెలుగువాళ్ళు. నల్లకోటు కుట్టించలేక, నల్ల చొక్కా వేసుకున్నాను. చేతికి మైకిచ్చారు. నా గొంతుకు మైకు తోడయ్యేసరికి, ముందు వరుసలో జనం చెవులు మూసుకోవడం కనపడింది. వాళ్ళకది గోరుచుట్టు మీద రోకటిపోటు. గొంతు తగ్గించాను. నాణెం ఆట కుదిరింది. పిల్లలు ఎగిరారు. రుమాలు ఆట కూడా కుదిరింది. నేను దాచిన చెయ్యి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డ నా కూతురి వైపే చూస్తూ చేశాను. ఆమె పెదవులు నా ముచ్చట్లను నాతోపాటే పలుకుతున్నాయి.

ఇక దారం. వీడియోలో ఆయన ఒక కిటుకు చెప్పాడట, వస్తువును ఎవరో ఒకరి పేరు మీద చెబితే జనం మనసు దాని మీద పడుతుందని. ఎవరి పేరు చెప్పాలో నేనే ఆలోచించుకున్నాను. ఎర్రదారం పైకెత్తి, "ఈ దారం నాది కాదు, మన పుట్టినరోజు బాబుది!" అన్నాను. తెంపాను. మళ్ళీ తెంపాను. హాలంతా నా చేతుల వైపే చూస్తోంది. ఆడవాళ్ళు కొందరు లేచి నిలబడ్డారు. నా సగం చెవికి మైకు హోరే తప్ప మాటలు అందలేదు కానీ, నోళ్ళు కదులుతున్నాయి, చేతులు ఊగుతున్నాయి. ఇంత ఉత్సాహం నేను కలలో కూడా అనుకోలేదు. నవ్వుతూ ఇంకా తెంపాను. గోడ దగ్గర నా కూతురు రెండు చేతులూ పైకెత్తి కార్ఖానా సైగ చేస్తోంది. మగ్గం ఆపమనే సైగ. అర్థమయ్యేసరికి దారం చిన్నచిన్న ముక్కలైపోయింది.

వాళ్ళు అరిచింది ఆపమని. తెంపొద్దని. ఏడాది పిల్లవాడి పండుగనాడు, వాడిదని చెప్పి, వాడి దారం తెంపొద్దని. నాకు తప్ప హాలులో అందరికీ వినపడింది.

పిల్లవాడి ముత్తవ్వ వేదిక ఎక్కింది. నడుం వంగిన ముసలామె, చేమగ్గం కాలం మనిషి. నేను చెయ్యాల్సిన ఆఖరి పని ఒకటి మిగిలింది కదా, అది చేస్తే అంతా సర్దుకుంటుందనుకుని గబగబా దాచిన దారం లాగి పూర్తిదారం చూపించాను. ఆమె దాని వైపు చూడనైనా చూడలేదు. నా మణికట్టు పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, లోపలి ముక్కల ఉండ తీసింది. అక్కడే వేదిక మీద చతికిలబడి, ఆ ముక్కల కొసలు నోట తడిచేసి, ఒకదానికొకటి ముడివేయడం మొదలుపెట్టింది. కేకు దగ్గర తల్లి పిల్లవాణ్ణి గట్టిగా పట్టుకుని నిలబడింది. నేను పనికిరాని పూర్తిదారం చేత పట్టుకుని పక్కన నిలుచున్నాను. వంగి సాయం చేద్దామనుకున్నాను కానీ చేతులు రాలేదు.

ముళ్ళన్నీ అయ్యాక ఆమె దారానికి పసుపు రాయించి పిల్లవాడి మొలకు కట్టింది. తర్వాత నా ముందుకొచ్చి ముఖంలోకి చూసింది. ఏం కనిపెట్టిందో, నోరు పెద్దగా తెరిచి, గొంతు లేకుండా, కార్ఖానా మాటగా మాట్లాడింది. ఒక్క అక్షరం పోకుండా నాకు అందింది.

"చెవులు పొయ్యినయా కొడుకా? పోనీ. సాలెవోని బిడ్డవే గదా, చేతులకన్న తెల్వదా? గిది వేరే దారం. తెగినదానికి ముడెయ్యాలె గని, మార్చుతరా?"

ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. తినిపొమ్మని పళ్ళెం తెచ్చి ఇచ్చారు. అలంకరణ ఆయనకు జరిగిందేమిటో సగం అర్థం కాలేదు కానీ, నా చెవుల సంగతి మాత్రం పూర్తిగా అర్థమైంది. తన ఫోన్లో రాసి నా ముఖం ముందు పెట్టాడు. వినపడదని ముందే చెప్పొద్దా, జనం అరుస్తుంటే ఆగని మనిషిని నేనెక్కడికి తీసుకుపోను, అని. నేను తలూపాను. ఈసారి అంతా అర్థమయ్యే తలూపాను.

తిరిగొచ్చేటప్పుడు బండి వెనక నా కూతురు నా వీపుకు తల ఆనించి ఏడుస్తోందని చొక్కా తడిసి తెలిసింది. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆ పుస్తకం మీద, నల్లకోటు ఆయన మీద, ముసలామె మీద, అన్నిటికంటే ఎక్కువగా ఆమె చెప్పింది నిజమైనందుకు. ఇంటికొచ్చి పుస్తకాన్ని పొయ్యిలో పెట్టబోతే మా ఆవిడ లాక్కుంది. "పొద్దుగాల డబ్బా కట్టాల్నా, కార్ఖానాకు పోతవా?" అని చేతులతో అడిగింది. కట్టమన్నాను.

ఆ తర్వాత మావాళ్ళెవరూ నన్ను ఆటకు పిలవలేదు. దారం తెంపినోడని పేరు పడింది. మరాఠీవాళ్ళ ఫంక్షన్లకు ఫోన్ చేసి మాట్లాడుకోవాలి, ఫోను నాకు రాదు. మగ్గాల మధ్యకే తిరిగిపోయాను. అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. చాయ్ సైగ చేశారు. నేను తాగాను.

డాక్టరమ్మ చెప్పినట్టే జరిగింది. ముందు కాకులు పోయాయి. తర్వాత మా ఆవిడ ఆకు కత్తిరించే కత్తెర పోయింది. కుక్కర్ ఈల పోయాక, పప్పు మాడిన వాసనతో తెలుసుకునేవాణ్ణి. నా కూతురి గొంతు ఏ రోజు పోయిందో చెప్పలేను. ఒకేసారి పోతే ఆ రోజైనా గుర్తుండేది. ఆమె రోజూ కొంచెం గట్టిగా, కొంచెం దగ్గరగా మాట్లాడుతూ వచ్చింది. చివరికి ఎదురుగా నిలబడి నోరు పెద్దగా తెరిచి మాట్లాడడం మొదలుపెట్టింది. ఒకరోజు పక్కింట్లో కొత్తగా దిగినామె మా ఆవిడను, మీ పిల్లకు మాట రాదా అని అడిగిందట. నాతో మాట్లాడేటప్పుడు ఆమె గొంతు వాడడం మానేసిందని నాకప్పుడే తెలిసింది. వాడి ఏం లాభం అనుకుని ఉంటుంది. ఆ మాట తెలిసిన రోజు నేను అన్నం తినలేదు.

మొన్నొక ఆదివారం సాయంత్రం మా గుమ్మం ముందు ఆడవాళ్ళు చేటలు పెట్టుకుని కూర్చున్నారు. నా కూతురికి ఇప్పుడు తొమ్మిదో తరగతి. వాళ్ళమ్మ బీడీలకు కట్టే దారం రీలులోంచి మూరెడు తీసి, లేచి నిలబడింది. ఏ పండుగా లేని రోజు చూసుకునే లేచిందని నాకు తెలుసు. ముచ్చట మొదలుపెట్టింది. అది మేమిద్దరం కలిసి కట్టిన ముచ్చటేనని పెదవుల కదలికలో అక్కడక్కడా పోల్చుకున్నాను. ఆడవాళ్ళు నవ్వుతున్నారు, ఆమె ఎటు చూస్తే అటు చూస్తున్నారు. చేతులాగి బీడీలు ఒళ్ళో జారిపోతున్నాయి. దారం తెంపింది, ఉండచుట్టింది, లాగింది. పూర్తిదారం వచ్చింది. వాళ్ళంతా నోళ్ళు నొక్కుకున్నారు. అన్నీ తెలిసిన మా ఆవిడ కూడా ఒక్క క్షణం బెదిరి చూసింది.

నాకు మాత్రం మొదటి నుంచీ బొటనవేలి వెనక ఉండ కనపడుతూనే ఉంది, పప్పులో రాయిలాగా. అందరి కళ్ళనూ ఆమె మాట పట్టుకుపోయింది. నా కన్నును పట్టుకుపోవడానికి ఏమీ లేదు, అది దారం మీదే ఉండిపోయింది. అంత మంచి ముచ్చట ఎంత బాగా చెప్పిందో, ఏ గొంతుతో చెప్పిందో, పదిహేనేళ్ళ పిల్ల గొంతు ఇప్పుడెట్లా ఉంటుందో నాకు తెలియదు. నేను గట్టిగా చప్పట్లు కొట్టాను.

ఆమె నా వైపు తిరిగి, నోరు పెద్దగా తెరిచి అడిగింది. "బాపూ, దొరికిందా?"

"లేదు బిడ్డా, అస్సలు దొరకలె" అన్నాను.

ఆమె ముఖం వెలిగిపోయింది. వెంటనే వాళ్ళమ్మ వైపు తిరిగి, నాకు వీపు పెట్టి, ఏదో చాలాసేపు చెప్పింది. అందరూ నవ్వారు. వాళ్ళు నవ్వారని నేనూ నవ్వాను. ఏం చెప్పిందో నాకు తెలియదు.